చితికిన నాలుగో నిమ్మకాయ

బొగ్గుల పొయ్యి బూడిద జల్లించేటప్పుడు సరోజాదేవిని ఎవరూ పలకరించరు. రాత్రి చల్లారిన బూడిదలో సగం కాలిన బొగ్గులు దాక్కుని ఉంటాయి. జల్లెడ అంచు తట్టుతూ ఆమె వాటిని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతుంది. తెలుగు బడిలో లెక్కలు చెప్పే మనిషి కావడంతో రాయేదో బొగ్గేదో తేలేదాకా చెయ్యి కడుక్కోదు. ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళలో ఏ వస్తువు పోయినా జనం ముందు ఆమె వాకిట్లోకే వస్తారు. పోలీసులు కాయితం రాయమంటారు, ఆమె టీ ఇస్తుంది.

ఆ ఆదివారం పొద్దున్న జల్లెడ సగంలో ఉండగా ఎలీసమ్మ వచ్చి గుమ్మం పక్కన కూలబడింది. ఆదివారం చర్చి మానేసి వచ్చిందంటే సంగతి చిన్నది కాదని సరోజాదేవికి అర్థమైంది. చేతికున్న బూడిద దులుపుకోకుండానే విన్నది.

ఎలీసమ్మకి ఒక్కడే కొడుకు, తీతు. రైల్వే వర్క్‌షాపులో రాత్రి డ్యూటీ, ఇంకా టెంపరరీ. ఈ నెలలో ఖాయం చేస్తామన్నారు. ఇంతలో ఇందా పేటలో ఉండే దేముడనే ఆయన ఇంట్లో అమ్మవారి ముడుపు పోయింది. తీసింది తీతేనని అకౌంట్స్ ఆఫీసు పరబ్రహ్మం తేల్చేశాడు. రేపు పొద్దున్న ఆఫీసు తెరవగానే రిపోర్టు ఇస్తానని చెప్పి కుర్రాడి చొక్కా కూడా పట్టుకుపోయాడు. దొంగతనం పేరు మీద పడ్డవాడిని ఖాయం చేసే వర్క్‌షాపు ఎక్కడా లేదు.

"మావోడు తియ్యనేదమ్మా," అంది ఎలీసమ్మ. "తియ్యనేదని ఒక్క ముక్కంటాడు. ఇంకేటడిగినా గోడకేసి సూస్తాడు. కన్నదాన్ని, నాకే సెప్పడు."

"గోడకేసి చూసేవాడు ఇంకేదో చూడకూడదనుకుంటాడు," అంది సరోజాదేవి. జల్లెడ పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. మిగతా బూడిద అలాగే ఉండిపోయింది. ఆమె ఇంట్లో అది అరుదు.

దేముడు ముప్పై ఏళ్ళు రైలుపెట్టెలు చేసి రిటైరైన మనిషి. క్వార్టర్ ఖాళీ చేసి ఇందాలో ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నాడు గాని, ఆయన ప్రాణమంతా పెరట్లో ఉన్న ఇంకో ఇంటి మీదే. యుద్ధం నాటి మిలిటరీ లారీని వేలంలో కొని, పైదంతా ఊడబెరికి, రైలుపెట్టె తీరులో చెక్కతో ఇల్లు కట్టాడు. రెండు బెర్తులు, వంటబల్ల, ఇనప జాలీ తలుపున్న బీరువా, కిటికీలకి షట్టర్లు. అడుగున నీళ్ళకోసం ఇనపతొట్టి వేలాడదీశాడు. ఆ తొట్టి మూలాన బండికీ నేలకీ మధ్య జానెడు సందే మిగిలింది. ఆ సందులోంచి పిల్లి కూడా తోక దించుకునే పోవాలి. నేల ఎగుడుదిగుడైతే రాత్రి పడుకున్నవాళ్ళు దొర్లిపోతారని నాలుగు మూలలా నాలుగు స్క్రూ జాకీలు పెట్టాడు. వాటిని తిప్పి ఎత్తితే చక్రాలు నేలని వదిలేస్తాయి, ఇల్లు మట్టంగా నిలబడుతుంది. అప్పుడు మాత్రం కింద ఒక సన్నటి మనిషి దూరగలడు. తీతు సన్నటి మనిషి.

పోయినేడు దేముడికి కళ్ళ ఆపరేషనైంది. చూపొస్తే అనకాపల్లి నూకాలమ్మకి వెండి కళ్ళు ఇచ్చుకుంటానని మొక్కుకున్నాడు. చూపొచ్చింది. వెండి కళ్ళు చేయించి, పసుపు గుడ్డలో ముడుపు కట్టి, శుక్రవారం నాడు బండి బీరువాలో పెట్టాడు. సోమవారం తెల్లవారుజామున ముహూర్తం, ఇల్లుబండిలోనే ప్రయాణం. శనివారం పొద్దున జాలీలోంచి చూస్తే పసుపు మూట ఉంది, సాయంత్రం చూస్తే లేదు. ముడుపు లేకుండా బండి కదిలితే అమ్మవారు ఇచ్చిన కళ్ళు తనే తీసుకుంటుందని ఆయన భయం.

సరోజాదేవి వెళ్ళేసరికి పరబ్రహ్మం పెరటి గుమ్మంలోనే ఉన్నాడు. ఆయన అకౌంట్స్ ఆఫీసులో హెడ్ క్లర్కు, కలకత్తా నించి పోస్టులో డిటెక్టివ్ పాఠాలు తెప్పించుకుని పాసైనవాడు. ఆ ఎండలో కూడా ఫెల్టు టోపీ పెట్టుకున్నాడు, చంకలో న్యూస్‌పేపరు పొట్లం ఉంది.

"మేడమ్, నేరస్థలం తొక్కకండి," అన్నాడు.

"తొక్కడానికి మీరు చోటు మిగిలిస్తేగా," అని ఆమె లోపలికి నడిచింది. బండి చుట్టూ ఎర్రమట్టిలో ఆయన బూటుముద్రలే ముగ్గు వేసినట్టున్నాయి.

దేముడి భార్య జోగమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. పెద్ద ఒళ్ళున్న మనిషి, మాట తక్కువ. ఇంటిపనిలో ఉన్న మనిషి పట్టుచీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, కాళ్ళకి చెప్పులేసుకుని ఉండటం సరోజాదేవి చూసింది. బండి మెట్టు పక్కన ఒక చేతిసంచీ, మూతి గుడ్డ కట్టిన నీళ్ళ కూజా ఉన్నాయి.

"ప్రయాణం రేపు కదా, జోగమ్మగారూ?"

"ముప్పై ఏళ్ళు రైలు పెట్టెలు సేసిన మనిషి," అంది జోగమ్మ, ఎటో చూస్తూ, "అమ్మోరి కాడికి లారీలో తీసుకెళ్తాడట." అంతే. గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. తనని అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదని సరోజాదేవికి తెలుసు. అలాంటి జవాబుల్ని ఆమె పారెయ్యదు, బొగ్గుల వైపు పెడుతుంది.

దేముడు ఆమెని బండెక్కించి ముందు పోయిన వస్తువు సంగతి కాక ఉన్న వస్తువుల సంగతి చెప్పాడు. వంటబల్ల మీద బిగించిన రసమట్టం చూపించాడు. గాజుగొట్టంలో బుడగ రెండు గీతల మధ్య కదలకుండా ఉంది.

"సూడండి పంతులమ్మగోరూ. రైలు పెట్టెలో కూడా ఇంత మట్టం ఉండదు. జోగి బరువు కూడా లెక్కేసే నిలబెట్టినాను. ఇప్పుడది కింద తిరుగుతోంది గదా, అందుకని బస్తా."

ఎడమవైపు బెర్తు మీద, మనిషి పడుకునే చోట, ఒక బియ్యం బస్తా పడుకుని ఉంది. భార్య బరువుకి సరిపడా తూచి పెట్టానని ఆయన గర్వంగా చెప్పాడు. ఆవిడ లోపలికొస్తే బస్తా దిగుతుంది, ఆవిడ దిగితే బస్తా ఎక్కుతుంది. బస్తాని ఇటూ అటూ దొర్లించడానికి బెర్తుకి ఒక జారుడు చెక్క కూడా చేశాడు. ఆ పక్క కిటికీ షట్టరు గాలికి కొట్టుకోకుండా సందులో ఒక మడత కాయితం దోపి ఉంది. సరోజాదేవి వంగి చూసింది. రిటైరైనవాళ్ళకీ భార్యలకీ ఇచ్చే రైల్వే పాసు.

"ఇది వాడుకోరా?"

"దానితో ఏటి పని? సొంత బండుంది గదా. మందంగా ఉంది, షట్టరుకి సరిగ్గా సరిపోయినాది," అన్నాడు దేముడు.

వెనక ఎడమ మూలన బీరువా. ఆమె తలుపు పట్టుకుని లాగింది. రాలేదు. దేముడు నవ్వాడు. తాళం లేదట. బండి చక్రాల మీద ఉన్నప్పుడు వెన్నలా తెరుచుకుంటుందట, జాకీలెక్కితే మాత్రం గునపం పెట్టినా రాదట. చెక్క వానకి ఉబ్బిందని ఆయన నమ్మకం.

"అదే నా పాయింటు," అన్నాడు పరబ్రహ్మం మెట్టు మీద నించే. బండి శనివారం పొద్దున్నుంచీ జాకీల మీదే ఉంది. తలుపు తెరుచుకోదు. తెరుచుకోని బీరువాలోంచి వస్తువు పోయిందంటే కిందనుంచే పోవాలి. బీరువా అడుగున ఒక పలక వదులుగా ఉంది, ఆయన ఊపి చూపించాడు. శనివారం మధ్యాహ్నం తీతు బండి కిందనుంచి దేక్కుంటూ రావడం పక్కింటివాళ్ళు చూశారు. చొక్కా నిండా గ్రీజు. ఆ వేళకి దేముడు గోల్‌బజార్‌లో కిరసనాయిలు క్యూలో ఉన్నాడు, జోగమ్మ ఇంట్లో ఉంది. "సందులో దూరగలిగేది వాడొక్కడే. నేను ప్రయత్నించాను. భుజం దగ్గర ఆగిపోయాను."

చెప్పడంలో లోపం లేదని సరోజాదేవి మనసులో ఒప్పుకుంది. తన బడి పిల్లల్లో ఎవరైనా ఇలా లెక్క చేస్తే సగం మార్కులిచ్చేది. కింద దూరినవాడు తీతే, ఆ మాట నిజం.

తీతుని పిలిపించారు. తల్లి వెనక వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కిందకెందుకు దూరావంటే చెప్పాడు. జాకీ పెట్టినచోటు తప్పని, ఇంటి అంచు కింద కాకుండా లారీ అడుగున్న ఛాసిస్ దూలం కింద పెట్టాలని, ఎన్నిసార్లు చెప్పినా దేముడు వినలేదని, సరైన చోటేదో చూసి సుద్దతో గీత పెడదామని దూరాడట.

"అంచు కింద ఎత్తితే ఇల్లు మెలి తిరుగుతాది సిన్నాన్నా అన్నాను. బీరువా అందుకే బిగుస్తాది."

"మొన్న పుట్టిన గుంటడు నాకు సెప్తాడు," అన్నాడు దేముడు.

బడిలో పిల్లలు విరగ్గొట్టే పలక చట్రాలు సరోజాదేవికి గుర్తొచ్చాయి. మూలలు వదులైన చట్రాన్ని ఒక కొన పట్టి ఎత్తితే పక్కకి వాలి, లోపలున్న పలకని పట్టేస్తుంది. కొన వదిలితే పలక జారి బయటికొస్తుంది. ఆ ఊహ దగ్గర ఆమె ఆగింది.

"తర్వాత ఏమైంది, తీతూ? కింద ఉండగా."

కుర్రాడి చూపు పెరటిగోడ మీదకి పోయింది.

ఆమె బండి దిగి చుట్టూ తిరిగింది. చక్రాల కింద నిమ్మకాయలున్నాయి. కొత్త బండి కదిలే ముందు నిమ్మకాయలు తొక్కించడం అందరూ చేసేదే. అయితే ముహూర్తం చీకటితో కాబట్టి, అప్పుడు తడుముకోవడం దేనికని దేముడు శనివారం పొద్దున్నే మంత్రం చెప్పించి, గాల్లో ఉన్న నాలుగు చక్రాల కిందా నాలుగు కాయలు పెట్టించేశాడు. బండి దొర్లాలి గాని కూర్చోకూడదని పంతులు గింజుకున్నాడట. తొక్కిందా లేదా అన్నదే అమ్మవారికి కావాలని దేముడు వాదించి గెలిచాడు.

ముందు రెండు కాయలు గుండ్రంగా ఉన్నాయి. వెనక కుడిదీ అంతే. వెనక ఎడమ చక్రం కింద కాయ లేదు, తొక్క ఉంది. గింజలు ఎర్రమట్టిలో అంటుకుని ఎండిపోయాయి. దాని పైన చక్రానికీ నేలకీ మధ్య సందు మాత్రం అలాగే ఉంది.

"అది చూశాను," అన్నాడు పరబ్రహ్మం. "ఆవు తొక్కింది."

"చక్రం కింద కాలు పెట్టే ఆవుని మీ కోర్సులో చెప్పారా?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. మొదటిసారి ఆ చక్రం వైపు పరీక్షగా వంగి చూశాడు.

"చొక్కా ఇప్పించండి," అంది సరోజాదేవి.

సాక్ష్యాన్ని చేతికివ్వనన్నాడు. ఇవ్వొద్దు, విప్పండి చాలు అంది. న్యూస్‌పేపరు విప్పాడు. చొక్కా వీపున ఎర్రమట్టి, రొమ్మున గ్రీజు. వెల్లకిలా పడుకుని పనిచేసేవాడికి ఉండాల్సినట్టే ఉన్నాయి. కాని ఆ గ్రీజు గీతలు గీతలుగా లేదు. రొమ్ముకి అడ్డంగా గుండ్రటి మచ్చలు, పోస్టాఫీసు ముద్రలంత స్పష్టంగా పడ్డాయి. వరసగా మూడు, తర్వాత ఒక ఖాళీ, తర్వాత ఒకటి.

ఆమె చీర కుచ్చెళ్ళు బిగించి బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇనపతొట్టి అడుగున బోల్టు తలలు. వరసగా మూడు, ఊడిపోయిన ఒకదాని కన్నం, తర్వాత ఒకటి.

"పరబ్రహ్మంగారూ, దేక్కుంటూ పోయినవాడికి గ్రీజు రాసుకుంటుంది. ఇది రాసుకోలేదు, అచ్చు పడింది. తొట్టి వీడి రొమ్ము మీదకి దిగి, నొక్కి, మళ్ళీ పైకి లేచింది. వీడు కింద ఉండగానే ఎవరో ఈ మూల దించారు. నిమ్మకాయ అప్పుడు చితికింది."

ఎలీసమ్మ కొడుకు భుజం పట్టుకుంది. రొమ్ము మీద చెయ్యి వేసి తడిమింది. వాడు ఆ చెయ్యి మెల్లగా తీసేశాడు.

"అరవలేదా, నువ్వు?" అని దేముడు అడిగాడు.

"వర్క్‌షాపు సైరన్ మోగుతోంది," అన్నాడు తీతు. "అదాగేసరికి ఊపిరి నేదు. ఊపిరొచ్చేసరికి బండి లేసిపోయినాది."

"వాడే దించుకుని ఉండొచ్చుగా," అన్నాడు పరబ్రహ్మం, ఈసారి అంత గట్టిగా కాదు.

"జాకీ తిప్పే కమ్మీ బయటివైపు ఉంది. తొట్టి కింద చేతులు ఇరుక్కున్నవాడు దాన్నెలా తిప్పుతాడు? పైగా కింద పలక తీసే దొంగకి ఇంటిని తన మీదకి దించుకోవాల్సిన అవసరం ఏమిటి?" సరోజాదేవి లేచి మట్టి దులుపుకుంది. "ఒకసారి ఆ మూల దించి చూద్దాం."

పరబ్రహ్మం ముందుకొచ్చాడు. ఓడినవాడే అయినా పిరికివాడు కాదు. కమ్మీ జాకీలో దూర్చి ఒత్తాడు. జాకీ కదల్లేదు. రెండు చేతులా ఒత్తాడు. టోపీ పడింది. కాలు చక్రానికి తన్ని పట్టి లాగాడు, చెప్పుకోదగ్గ చప్పుడొకటి వచ్చింది గాని అది జాకీది కాదు, ఆయన ప్యాంటుది. తీతు సాయం చెయ్యబోతే సరోజాదేవి చెయ్యి అడ్డం పెట్టింది. ఆమెకి కావలసింది తిప్పగలిగేవాళ్ళు కాదు, తిప్పడం అలవాటున్నవాళ్ళు.

దేముడు ఇదంతా చూడలేకపోయాడు. ఆపరేషనైన కళ్ళకి ఒత్తిడి తగలకూడదని డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఆయన కమ్మీ ముట్టుకోలేదు. నోరు మాత్రం అలవాటు ప్రకారం పనిచేసింది.

"ఒలే జోగీ, ఎనకాల ఎడమది దించే."

జోగమ్మ ఇంట్లోంచి వచ్చింది. ఒక్క క్షణం అందరినీ చూసింది. పిలుపొస్తే వచ్చి తిప్పడం ఏడాదిగా ఆమె చేతులు నేర్చుకున్న పని. పట్టుచీర కొంగు నడుముకి చుట్టి, చెప్పులు విడిచి, కమ్మీ పట్టుకుని రోలు తిప్పినంత తేలిగ్గా తిప్పింది. మూల కిందకి దిగింది. చక్రం తొక్క మీద కూర్చుంది.

లోపల బీరువా తలుపు కిర్రుమని తనంతట తనే తెరుచుకుంది.

అందరూ ఆ తలుపు వైపు చూశారు. సరోజాదేవి జోగమ్మ చేతులు చూసింది. కమ్మీ మీద అవి ఆగిపోయి ఉన్నాయి.

ఎవరేమనేలోపే దేముడు బండెక్కి తలుపు మూసి, ఇల్లు ఒరిగి ఉంటే తనకి తల తిరుగుతుందని, మళ్ళీ ఎత్తమన్నాడు. ఆమె ఎత్తింది. ఆయన బుడగ చూస్తూ ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాడు, చాలన్నాడు. భార్యని లోపలికి రమ్మని, ఆమె బెర్తు మీద కూర్చోగానే బస్తా చెక్క మీంచి జార్చి కిందకి దించాడు. బుడగ రెండు గీతల మధ్యకి వచ్చి నిలిచింది. అప్పటికి తృప్తిగా తలెత్తాడు. మిగతావాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు ఎక్కి ఇరుకులో సర్దుకున్నారు.

"తీతూ," అంది సరోజాదేవి, "బండి కింద వెల్లకిలా పడుకున్నవాడికి పక్కకి చూస్తే ఏం కనిపిస్తుంది?"

వాడు తల్లి వెనక్కి జరిగాడు. జవాబు సరోజాదేవే చెప్పింది.

"మొహాలు కనిపించవు. పాదాలు కనిపిస్తాయి."

ఆ మాటతో పరబ్రహ్మం తన బూట్లు బెర్తు కిందకి లాక్కున్నాడు. దేముడు తన కాళ్ళు తనే అనుమానంగా చూసుకున్నాడు. ఎలీసమ్మ అందరి కాళ్ళూ వరసగా చూసింది. తీతు ఒక్కడే పైకప్పుకేసి చూస్తున్నాడు.

పసుపు రాసిన పాదాలు, వెండి మట్టెలు, వేళ్ళ సందుల్లో తాజా ఎర్రమట్టి. రాత్రి డ్యూటీకి పోయే ముందు ఏళ్ళ తరబడి తనకి అన్నం పెట్టిన మనిషి పాదాలు. అవి ఎవరివో చెప్పడం కంటే ఉద్యోగం పోవడం నయమనుకున్నాడు వాడు.

జోగమ్మకి ఆ సంగతి అప్పుడే తెలిసింది. మూల దించినప్పుడు కింద మనిషున్నాడని ఆమెకి తెలియదు. పరబ్రహ్మం ఒళ్ళో ఉన్న చొక్కా అందుకుంది. నాలుగు మచ్చల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. మూడు, ఒక ఖాళీ, ఒకటి.

"ఏటే?" అన్నాడు దేముడు. "ముడుపు నువ్వు తీసినావా? ఎందుకే? అది నేకపోతే బండి కదలదని తెలీదా?"

"తెలుసు కాబట్టే," అంది సరోజాదేవి మెల్లగా. "బండి కదలకపోతే మీరు రైలెక్కిస్తారని ఆవిడ అనుకున్నారు."

దేముడు రసమట్టం వైపు చూశాడు.

జోగమ్మ లేచింది. చొక్కా మడిచి తీతు చేతికిచ్చి, వాడి తలమీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి షట్టరు సందులోంచి పాసు లాగింది. షట్టరు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మెట్టు దిగి, పక్కనున్న చేతిసంచీ తెరిచి, పాసుని లోపల పసుపు మూట పక్కన పెట్టి, సంచీ పట్టుకుని కూజా చంకనెత్తుకుంది. పుట్టి బుద్ధెరిగి ఆమె ఒంటరిగా గోల్‌బజార్ దాకా కూడా పోలేదని ఆ బండిలో అందరికీ తెలుసు.

చెప్పులేసుకుంది. మొగుడి వైపు గాని, వచ్చినవాళ్ళ వైపు గాని చూడకుండా పెరటి గుమ్మం దాటి స్టేషను వైపు తిరిగింది.

వంటబల్ల మీద రసమట్టంలో బుడగ కదిలింది. నెమ్మదిగా జరిగి గీత దాటి, ఖాళీ అయిన ఆమె బెర్తు వైపు అంచుకి పోయి అక్కడ ఆగింది.